నేను చూడని నీళ్ళు

మా తెలుగు చర్చిలో పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు. బుద్ధెరిగి, విశ్వాసం ఒప్పుకున్నాక సముద్రంలో నిలువునా ముంచుతారు. నన్నూ అలాగే ముంచారు. ముక్కులోకి ఉప్పునీళ్ళు పోయి రెండు రోజులు తుమ్ముతూనే ఉన్నాను. అందుకే నెత్తిన నాలుగు చుక్కలు పోసి అయిందనిపించే కేథలిక్కుల జ్ఞానస్నానమంటే నాకు లోలోపల చిన్నచూపు. నా తప్పు అక్కడే మొదలైంది.

అప్పట్లో ఈ దీవుల్లోనే ఉత్తరాన ఉన్న రంగత్‌లో మాకు కిరాణా కొట్టుండేది. కొట్టు వెనక వాటాలో రాంచీ నుంచి వచ్చిన కేథలిక్కులు అద్దెకుండేవారు. ఒక మధ్యాహ్నం ఆ ఇంటి ఇల్లాలు నెలలు నిండకుండానే ఇంట్లో ఆడపిల్లని కనేసింది. బిడ్డ ఏడవలేదు, ఒళ్ళు నీలంగా తిరిగింది. తల్లికి స్పృహ లేదు. తండ్రి ఓడ పనిమీద ఊళ్ళో లేడు. ఇల్లాలి తల్లి ఒక చేతిలో స్టీలు గ్లాసు, ఇంకో చేతిలో తడిగుడ్డ పట్టుకుని, ప్రాణం పోయేలోపు తనే జ్ఞానస్నానం ఇచ్చేస్తానంది. చావుబతుకుల్లో ఎవరైనా ఇవ్వొచ్చట. "నువ్వెళ్ళి గాడీ ఆపు, బేటీ" అని నన్ను తరిమింది.

నేను పరిగెత్తుకెళ్ళి జీపు ఆపి వచ్చేసరికి బిడ్డ జుట్టు తడిగా ఉంది. "హో గయా" అంది ఆవిడ, అయిపోయిందన్నట్టు. నీళ్ళు పోసిందో, తడిగుడ్డతో తుడిచిందో నేను చూడలేదు. అడగనూ లేదు.

ఆస్పత్రికి తీసుకెళ్ళాక బిడ్డ బతికింది. అమ్మమ్మ ఆ ఏడే పోయింది, ఆమె వెనకే తల్లి. తండ్రి చర్చి గడప తొక్కడమే మానేశాడు. జ్ఞానస్నానం సంగతి ఎవరూ రిజిస్టర్లో రాయించలేదు. మేం జంగ్లీఘాట్‌కి మారిన చాలా ఏళ్ళకి ఆ పిల్ల, తండ్రి చెప్తే, నన్ను వెతుక్కుంటూ వచ్చింది. పెళ్ళి కుదిరిందట, చర్చిలో జ్ఞానస్నానానికి రుజువు అడిగారట. కళ్ళారా చూసినవాళ్ళు ఒక్కరు చెప్తే చాలంది.

ఫాదర్ నన్ను రెండే అడిగారు. నీళ్ళు తలమీంచి పారాయా? పిత, పుత్ర, పవిత్రాత్మ పేరు చెప్పడం విన్నారా? పక్కన ఆ పిల్ల నా నోటివంకే చూస్తోంది. నాలుగు చుక్కల సంగతే కదా, దీనికోసం పెళ్ళి ఆపుకుంటారా అనుకున్నాను. "చూశాను, విన్నాను" అని గడగడా చెప్పి సంతకం పెట్టేశాను. ఘనకార్యం చేసినట్టు సంబరపడ్డాను కూడా.

పెళ్ళి భోజనాల దగ్గర నోరు ఊరుకోక ఫాదర్‌ని అడిగాను, చూసినవాళ్ళే లేకపోతే ఏం చేస్తారని.

"ఏముందమ్మా, ఇదివరకు అయ్యుండకపోతే ఇప్పుడు ఇస్తున్నానని చెప్పి నీళ్ళు పోస్తాం. ఐదు నిమిషాల పని" అన్నారాయన. "అసలు అది లేకుండా మిగతావేవీ చెల్లవు కదా, సత్ప్రసాదమైనా, ఇవాళ్టి పెళ్ళయినా."

విస్తరి మడిచేశాను. బయట ఉన్నాను, చూడలేదు అని ఒక్క ముక్క చెప్పుంటే ఆ పిల్లకి పోయేదేమీ లేదు. ఇంకొకరి విశ్వాసాన్ని నాలుగు చుక్కలని తీసిపారేసినందుకు సిగ్గేసింది. సిగ్గేసినా నోరు మాత్రం విప్పలేదు.

ఆ తర్వాత ఆ పిల్ల ఎప్పుడొచ్చినా తన నానీ గురించి, అంటే ఆ అమ్మమ్మ గురించి, చెప్పమనేది. తల్లి ముఖం కూడా గుర్తులేని పిల్ల, ఏం చెప్పను? చెప్పగా చెప్పగా స్టీలు గ్లాసు కాస్తా ఇత్తడిదైంది, నానీ కళ్ళవెంట నీళ్ళు కారాయి. ఆ పిల్ల దాన్నంతా భద్రంగా దాచుకుంది.

మొన్న ఆదివారం తానుండే బ్రూక్షాబాద్ నుంచి ఆటోలో వచ్చి మరీ నన్ను తన కొడుకు జ్ఞానస్నానానికి తీసుకెళ్ళింది. ఫాదర్ మూడుసార్లు నీళ్ళు పోశారు. అవి బిడ్డ నుదుటిమీంచి చెవి పక్కగా జారడం ఈసారి నిజంగానే చూశాను. ఆ పిల్ల నావైపు వంగి, "నానీ కూడా ఇలాగే పోసింది కదా, ఆంటీ?" అంది.

తొట్టిలో నీళ్ళున్నాయి. పక్కనే ఫాదర్ ఉన్నారు. ఐదు నిమిషాల పని.

"అచ్చం ఇలాగే" అన్నాను.