పిల్లల ఆస్పత్రిలో ఒక తిట్టు

నా నోరు మంచిది కాదని మా అత్త పదిమందిలో చెప్పేది. నిజమే. ఆ నోటికే నేను ఇవాళ్టికీ దండం పెట్టుకుంటాను.

బళ్లారి చుట్టూ ఇనుప గనుల ఎర్రమట్టి లారీలు రాత్రీపగలూ తిరుగుతున్న రోజులవి. రోడ్లన్నీ గుంతలే. మోక అనే పల్లెలో పెళ్లి చూసుకుని బళ్లారి బ్రూస్‌పేటలోని మా ఇంటికి వస్తుంటే ఆటో ఒక గుంతలో దిగబడి పక్కకు ఒరిగింది. నా ఒళ్లో కూచున్న కూతురు జారి, దాని తల రోడ్డుకు తగిలింది. అదింకా బడి మొహం చూడని పిల్ల. రక్తం పెద్దగా రాలేదు కానీ ఎంత పిలిచినా పలకలేదు.

ఊళ్లో ఆస్పత్రి డాక్టరు వెంటనే స్కానింగ్ తీయించాడు. మెదడు వాచిందన్నాడు. పాప మీదికి వంగి, కళ్లు తెరవమని కన్నడంలో “కణ్ణు బిడమ్మా” అని పిలిచాడు. చలనం లేదు. నన్ను పిలవమన్నాడు. నేనూ “కణ్ణు బిడమ్మా” అనే పిలిచాను. సరిహద్దువాళ్లకు ఇదొక జబ్బు. ఇంట్లో ఎంత తెలుగైనా, డాక్టరో పోలీసో ఎదురుపడితే నోరు దానంతట అదే కన్నడానికి తిరుగుతుంది. పాపకు తెలుగు తప్ప ఏమీ రాదన్న సంగతి ఆ గాబరాలో నాకు తట్టనే లేదు.

బెంగళూరులో పిల్లల ఆస్పత్రికి తీసుకుపొమ్మన్నాడు డాక్టరు.

“కదిలిస్తే పిల్ల దక్కుతాదా? ఈడనే పెట్టుకోప్పా” అని మా అత్త బతిమాలింది.

నాకైతే ఒళ్లు మండింది. చేతులు దులుపుకుంటున్నాడనుకుని నోటికొచ్చిందల్లా అన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. ఆక్సిజన్ మాస్కు తెచ్చి పాప మొహం దగ్గర పెట్టి చూపించాడు. అది గడ్డం దాటి మెడ మీదికి వచ్చింది. ఇక్కడున్నవన్నీ పెద్దవాళ్ల కొలతలేననీ, తలకు దెబ్బ తగిలిన పిల్లల్ని రోజూ చూసేవాళ్లు అక్కడున్నారనీ చెప్పాడు. తనే ఫోన్ చేసి మాట్లాడి, అంబులెన్సులో తన నర్సును తోడు పంపాడు.

“పోదాం పద. ఆయప్పకు మన మీద పగేముండాది?” అన్నాడు మా ఆయన.

బెంగళూరు ఆస్పత్రిలో మంచాలు చిన్నవి, గొట్టాలు చిన్నవి. మాస్కు పాప మొహానికి సరిగ్గా కూచుంది. అది చూడగానే నాకు సగం ప్రాణం వచ్చింది. కొన్నాళ్లకు వాపు తగ్గుతోందన్నారు. కానీ పాప మమ్మల్ని గుర్తుపడుతుందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. నేను మంచం పక్కన కూచుని అదే “కణ్ణు బిడమ్మా” జపం చేస్తున్నాను.

అక్కడొక మలయాళీ నర్సు ఉండేది. కొత్త పిల్ల వస్తే ఇంట్లో ముద్దుపేరేంది, ఏం తింటుంది అని అడిగి తెలుసుకునేది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని తన వచ్చీరాని కన్నడంలో నన్నడిగింది. తెలుగన్నాను.

“మరి కన్నడంలో ఎందుకు పిలుస్తున్నారు?” అంది.

నాకు సిగ్గూ ఏడుపూ కలిసి వచ్చాయి. పాప చెయ్యి పట్టుకున్నాను. ముద్దుగా పిలుద్దామనుకుంటే, రోజూ అలవాటైన మాటే బయటికొచ్చింది.

“ఏమే, చెప్పులు యాడ ఇడిసినావే? ఉత్తకాళ్లతో ఎండలో తిరుగుతాండావా? రా, నీ పని చెప్తా!”

నా వేలు మీద దాని చెయ్యి బిగిసింది.

అది మందుల పనేనని అక్కడి డాక్టరమ్మ నవ్వుతూ చెప్పింది. నేనూ ఒప్పుకుంటాను. నన్ను అక్కడికి తరిమిన బళ్లారి డాక్టరుకు, సరైన మాట అడిగిన ఆ నర్సుకు నేను జన్మంతా రుణపడి ఉంటాను.

మరో రెండు రోజులకు పాప కళ్లు తెరిచింది. నన్నే చూస్తూ, పెదాలు తడుపుకుని, “తిట్టద్దుమా” అంది.

నేను భోరుమన్నాను. నర్సు పరుగున వచ్చి, ఏమంది ఏమంది అని అడిగింది. కన్నడంలో చెప్పబోయాను. ఒక్క మాటా గుర్తుకు రాలేదు.

“తిట్టద్దంట” అన్నాను తెలుగులోనే.