శకుంతల వదినె సిమెంటు కుండీలు

మొన్న మంగళవారం ఉదయం మా ఆడబిడ్డ శకుంతల వదినె దివంగతురాలైంది. చాయ్ తీసుకుపోయి పిలిచాను, పలకలేదు. పదిహేనేళ్లు ఆమె తిట్టుతోనే తెల్లవారిన నాకు, ఈమధ్య ఆమె మౌనానికి అలవాటుపడ్డాక, ఆ నిశ్శబ్దం వేరని అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. చాయ్ చల్లారిపోయేదాకా మంచం పక్కనే నిలబడ్డాను. బాన్సువాడలో మా వీధి వాళ్లందరి గుమ్మాల ముందూ ఆమె చేతి కుండీలున్నాయి. ఆ చేతుల గురించి నాలుగు మాటలు రాయమని వాళ్లే అడిగారు. రాసే అర్హత నాకుందో లేదో చదివాక మీరే చెప్పండి.

యౌవనంలోనే భర్తను పోగొట్టుకున్న వదినె ముప్పై ఏళ్లు బట్టలు కుట్టి స్వాభిమానంతో బతికింది. చూపు మందగించాక మిషన్ అమ్మేసి, తమ్ముడి ఇంటికి, అంటే మా ఇంటికి వచ్చింది. ఖాళీగా కూర్చోవడం ఆమె స్వభావానికి విరుద్ధం. పాత తువ్వాలలను చిక్కటి సిమెంటు నీళ్లలో ముంచి, బోర్లించిన బకెట్ మీద పరిచేది. ఆరాక తిప్పితే గుడ్డ తన మడతలతో సహా గట్టిపడి కుండీగా నిలిచేది. ఆ మడతలను పరికిణీ కుచ్చుల్లా సర్దేది, అంచులకు రంగులు అద్దేది. బోసిగా ఉన్న మా వాకిలి ఏడాది తిరిగేసరికి బంతులతో, గులాబీలతో శోభాయమానమైంది.

ఆమె కళ ఎంత సుకుమారమో, నాలుక అంత కర్కశం. నేను మొదట చేసిన కుండీకి సన్నటి పగులు వస్తే, కనబడకుండా రంగు పూశాను. వదినె వేలితో తడిమి పట్టేసింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు చూస్తుండగానే సుత్తితో ఒక్క దెబ్బ వేసింది.

"పగులు మీద రంగేసి దాస్తవా పద్మా? మీ అవ్వ నీకు గిదే నేర్పిందా?"

మా అమ్మ చనిపోయి అప్పటికి మూడు నెలలు. ఆ సంగతి వదినెకు తెలుసు.

అయితే ఒకటి చెప్పాలి. ఎదురింటి సుజాత, ఆరీ ఆరని కుండీలో తులసి నాటి చంపుకుంది. వదినె ఆమెను నలుగురిలో నిలబెట్టి దులిపేసింది. "కొత్త సిమెంటుల ఘాటుంటది. వారం దినాలు నీళ్లల్ల నానబెట్టాలె, నీళ్లు మార్సాలె. గంత ఓపిక లేనిదానివి చెట్టెందుకు పెడ్తవ్?" అంది. ఆ సాయంత్రమే బాగా నానిన కుండీలో తులసి నాటి, తానే మోసుకెళ్లి ఇచ్చింది. చిగురు వేసేదాకా రోజూ వెళ్లి చూసి వచ్చింది. సిమెంటుకు నా అరచేతులు పొక్కినప్పుడు కొబ్బరినూనె రాసింది కూడా ఆమే. రాసినంతసేపూ తిడుతూనే ఉంది.

పోయిన ఏడాది పక్షవాతంతో ఆమె కుడి వైపు పడిపోయింది. నెల రోజులు దవాఖానలో ఉండి వచ్చాక, వరండాలో మంచం మీద నుంచే నా చేత కుండీలు చేయించేది. తినిపించడం, స్నానం చేయించడం, బట్టలు మార్చడం అన్నీ నేనే. కృతజ్ఞత అనే మాట ఆమె నిఘంటువులో లేదు. నిజాంసాగర్ నుంచి చూడవచ్చిన చుట్టాల ముందు, "దీని చేతుల పడ్డంక నా బతుకు కుక్క బతుకైంది" అంది. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

ఆ మరునాడే మేస్త్రీ వచ్చాడు. మా ఆయన కారు కొన్నారు. వాకిలి చదును చేసి బండలు పరిపించాలని నిశ్చయించారు. అడుగున నింపడానికి రాళ్లు కావాలన్నాడు మేస్త్రీ. మా ఆయన కుండీల వైపు చూపించారు.

"మంచిగున్నయి గద సార్, ఎవలికన్న ఇయ్యరాదుండ్రి?" అన్నాడు మేస్త్రీ.

మా ఆయన నా వైపు చూశారు. ఆయనకూ అక్క అంటే భయమే. నేను ఒక్క మాట అంటే ఆగిపోయేవారు. వీధిలో అందరికీ పంచొచ్చు, మేడ మీదికి ఎక్కించొచ్చు.

"కొట్టేయండి," అన్నాను, ఆమెకు వినబడేలా.

మధ్యాహ్నం దాకా పగలగొట్టారు. మొక్కలను వేళ్లతో సహా పీకి గోడ పక్కన పడేశారు. వదినె మంచం మీద నుంచి అంతా చూసింది. పెంకులు ఎత్తుతున్న కూలి మనిషితో మాత్రం, "పైలం బిడ్డా, చేతులు కోస్కుంటయి," అంది.

ఆ తర్వాత ఆమె నన్ను తిట్టలేదు. పెట్టింది తిన్నది, తిప్పిన వైపు తిరిగింది. చనిపోవడానికి రెండు రోజుల ముందు, తల దువ్వుతుంటే అడిగింది.

"పద్మా, నా కుండీలు నీకు నచ్చకుండెనా?"

"మస్తు నచ్చినయి వదినె."

"నచ్చినయా?" అని బండల వైపు చూసింది. "మరి ఒక్కనాడన్న చెప్పకపోతివి."

"నువ్వన్న నాకు ఎన్నడన్న చెప్పినవా?" అన్న మాట నా నోటి చివరిదాకా వచ్చింది. మింగి, జడ వేశాను.

ఆమెకు సాటి రాగల హస్తకౌశలం మా ఊళ్లో మరొకరికి లేదు. ఇక ఉండదు. వదినె పాదాలకు శిరసు వంచి నమస్కరిస్తున్నాను. ఆ పాదాలను చివరి ఏడాదంతా కడిగింది నేనే. ఆమెను చంపింది పక్షవాతం అని డాక్టరు రాసిచ్చాడు. మా ఇంట్లో ఎవరూ కాదనలేదు.