కుక్కపిల్లను ఇవ్వని అక్క

నా చిన్నప్పుడు, నగరం అంచున కారఖానాల పేట పీణ్యలో మేమున్న వఠారంలో ఎవరికైనా కుక్కపిల్ల కావాలంటే పక్కింటి అక్కను ఒప్పించాల్సిందే. ఒకే గేటు లోపల వరుసగా ఇళ్లు, మధ్యలో అందరికీ కలిపి ఒక వాకిలి. ఆ వాకిట్లో అక్క సాకిన కుక్క ఈనేది. అడిగిన వాళ్లందరికీ పిల్లల్ని పంచేసే రకం కాదు అక్క. స్వయంగా వాళ్లింటికి వెళ్లి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి వచ్చాకే ఇవ్వాలో వద్దో తేల్చేది. ఆడపిల్లను ఇచ్చే ముందు ఇల్లు చూసొచ్చినట్టు చూస్తుందని అందరూ ఎగతాళి చేసేవాళ్లు. అక్క పట్టించుకునేది కాదు.

మా నాయన ఒక చిన్న కారఖానాలో లేత్ మిషను మీద పనిచేసేవాడు. అరిగిపోయిన రబ్బరు బెల్టు ఒకటి తెచ్చి తలుపు వెనక మేకుకు తగిలించాడు. అది మా కోసమే. అన్నం మాడినా, నీళ్ల బిందె ఒలికినా, పనిలో ఆయన మాట పడినా ఆ బెల్టు కిందికి దిగేది. అమ్మకు వీపు మీద, నాకూ చెల్లికీ కాళ్ల మీద. వాతలు తేలి చిట్లేవి, గౌను అంచు రక్తానికి అంటుకుపోయేది. మా అరుపులు వఠారంలో అందరికీ వినబడేవి, ఎవరూ అడిగేవాళ్లు కాదు. అలాంటి ఇంట్లో ఉంటూ నేను కుక్కపిల్ల కావాలని పట్టుబట్టాను. నాకంటే చిన్న ప్రాణి ఒకటి నా పక్కన పడుకుంటే చాలనుకున్నాను. ఇంటికి కాపలా ఉంటుందని మా నాయన కూడా సరేనన్నాడు.

ఒక ఆదివారం పొద్దున అక్క గోధుమరంగు పిల్లను ఒళ్లో పెట్టుకుని మా ఇంట్లో కూర్చుంది. పాలు ఎవరు పోస్తారు, పగలు దగ్గర ఎవరుంటారు అని అడిగింది. అన్నిటికీ నేనే జవాబు చెప్పాను. ఇక లేవబోతూ, దోమను కొట్టబోయినట్టు చెయ్యి పైకెత్తింది. నిజంగా దోమ ఉందో లేదో నాకిప్పటికీ తెలియదు. కుక్కపిల్ల ఊరికే ఆ చేతి వంక చూసింది. నేనూ చెల్లీ మాత్రం తలలు కప్పుకుని గోడకు అతుక్కుపోయాం.

అక్క ముఖం పాలిపోయింది. కుక్కపిల్లను పైట కిందికి లాక్కుని లేచింది.

"ఈ ఇంట్లో బిడ్డలే దెబ్బకు బెదిరి మూలకు దూరతా ఉండారు. కుక్కపిల్ల యాడికి పోతాదన్నా? నేనియ్యను" అంది మా నాయనతో.

"నా ఇల్లు, నా బిడ్డలు. అడిగేదానికి నువ్వెవరు?" అంటూ ఆయన తలుపు వెనక నుంచి బెల్టు లాగి ఝళిపించాడు. అక్క కదల్లేదు. దెబ్బ ఆమె మోచేతి మీద పడి చర్మం చీలింది. కుక్కపిల్ల కీచుమని అరిచింది. ఆయన చెయ్యి మళ్లీ లేచేసరికి, అంతవరకూ నోరెత్తని అమ్మ బెల్టు కొస పట్టుకుంది. ఆయన అమ్మను గోడకేసి నెట్టాడు. నుదురు పగిలి రక్తం కారుతున్నా అమ్మ వదల్లేదు. చివరికి లాక్కుని వాకిట్లోకి పరిగెత్తి, వేణ్ణీళ్ల పొయ్యిలోకి తోసేసింది. రబ్బరు కాలిన నల్లటి పొగ వఠారమంతా కమ్మింది. దగ్గుకుంటూ అందరూ బయటికొచ్చారు. చూడనట్టు ఉండడానికి ఆ రోజు ఎవరికీ వీలుపడలేదు.

ఆ తర్వాత మా నాయన మారిపోయాడంటే అబద్ధమే. బెల్టు పోయినా చేతులున్నాయి కదా. కానీ ఆయన గొంతు లేస్తే చాలు, అక్క మా గుమ్మంలోకి వచ్చి నిలబడేది, ఆమె వెనక వఠారంలో మరికొందరు. మెల్లగా దెబ్బలు తగ్గాయి. కుక్కపిల్ల మాత్రం వేరే ఇంటికి పోయింది. దెబ్బలకు ఏడవని నేను దానికోసం వెక్కి వెక్కి ఏడ్చాను. అక్క మీద చాలాకాలం పళ్లు నూరాను.

ఇప్పుడు అదే నగరంలో ఇంకో కొసన, బ్రూక్‌ఫీల్డ్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. కుక్కను తెచ్చుకోవాలనుకునే ఇరుగుపొరుగువాళ్లు ఏ జాతి మంచిది, బొచ్చు రాలుతుందా అని నన్నడుగుతారు. మీ ఇంట్లో చెయ్యి చేసుకునేది ఎవరు అని నేనడుగుతాను. కొందరు నవ్వుతారు. కొందరు మాట మారుస్తారు, వాళ్లకు వద్దనే చెబుతాను. మా మనవరాలు పక్క పేట హూడిలో, వీధిలో దొరికిన కుక్కను ఇంటికి తెస్తానన్నప్పుడు, అదే ప్రశ్న నాకు నేనే వేసుకున్నాను.

ఎందుకంటే మా నాయన కోపం నాకే వచ్చింది. పిల్లల్ని పెంచిన రోజుల్లోనూ, ఇప్పుడు మనవరాలు మొండికేసినప్పుడూ అరచెయ్యి చురుక్కుమంటుంది. వెంటనే రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, చెప్పులేసుకుని బయటికి నడుస్తాను. సంగతి తెలియని ఆ హూడి కుక్క, షికారుకే అనుకుని, తోక ఊపుకుంటూ నా వెంట వచ్చేస్తుంది.