ఎవరూ అందించకండి

ఆసుపత్రిలో చీటీలిచ్చే కిటికీ దగ్గర ఆమె పందొమ్మిదేళ్లు పనిచేసింది. పేరు, వయసు, జబ్బు అడిగి రాసుకుని, ఏ గదికి వెళ్లాలో చెప్పి చీటీ ఇవ్వడం ఆమె పని. ఆమెకు నత్తి. అందుకని తక్కువ మాట్లాడేది, ఎక్కువ వినేది. తోటివాళ్లు ఆమెను నిదానమ్మ అనేవారు. ఎదురుగానే అనేవారు.

నత్తి చిన్నప్పటినుంచీ ఉంది. బడిలో పంతులు చదవమని లేపి, రెండో మాటకే కూర్చోబెట్టేవాడు. ఇంట్లో అన్నయ్య ఆమె మాటను తనే పూర్తిచేసి, అదీ తప్పుగా చేసి, నవ్వేవాడు. మిల్లు వెనక రేకుల షెడ్డులో నడిచే చర్చి ఒక్కటే వేరు. నలభై మందికి మించని సంఘం. ఆమె తొమ్మిదో ఏట ఒక ఆదివారం వాక్యం చదివే వంతు వచ్చింది. మూడో మాట దగ్గర నత్తి అడ్డుపడింది. ముందు వరుసలో ఎవరో మాట అందించబోతే, సంఘపెద్ద చెయ్యెత్తి ఆపాడు. ఆయన మిల్లులో ఫిట్టరు.

"ఎవరూ అందించకండి. అమ్మాయే చదువుతుంది. మనకేం తొందర?"

చంటిపిల్లల తల్లులు కూడా కదలకుండా కూర్చున్నారు. ఆమె నాలుగు వరుసలు పూర్తిచేసేసరికి అందరికీ వంటల వేళ దాటిపోయింది. ఎవరూ మెచ్చుకోలేదు. ఆమెన్ అని లేచి తర్వాతి పాట అందుకున్నారు. ఆ మెచ్చుకోకపోవడమే ఆమెకు నచ్చింది.

మిల్లు మూతపడ్డాక సంఘం చెల్లాచెదురైంది. తర్వాత రెండు పెద్ద చర్చిలకు వెళ్లి చూసి, మైకుల హోరు పడక మానేసింది. నమ్మకం మిగిలిందో లేదో ఆమెకే తెలియదు. ఆ షెడ్డులో అబ్బిన అలవాటు మాత్రం పోలేదు.

పోయిన ఏడాది పక్షవాతం వచ్చిన పెద్దాయన ఒకరు కిటికీ ముందుకొచ్చారు. పేరు అడిగితే మాట పెగలడం లేదు. పక్కనున్న భార్య చెప్పబోతే, ఆయన వద్దన్నట్టు ఆవిడ చెయ్యి నెట్టేశారు. వెనక యాభై మంది.

"ఇవాళ్టికి తేలుతుందా అమ్మా?" అన్నాడొకతను.

సూపర్‌వైజరు లోపలినుంచి వచ్చాడు. "ఆవిడనడిగి రాసెయ్యండి. లైను గేటు దాటింది."

"ఆ... ఆయనే చె... చెబుతారు సార్."

ఆయన చెప్పారు. ఏడెనిమిది నిమిషాలు పట్టింది. ఈలోగా లైనులో ఒక గర్భిణి కళ్లు తిరిగి పడిపోయింది. నిదానమ్మ సాయంత్రం వార్డుకెళ్లి చూసింది. తల్లీ కడుపులో బిడ్డా క్షేమమే. అయినా మర్నాడు ఆమెను కింద పాత ఫైళ్ల గదికి మార్చారు. ఆమె మెట్లు దిగింది. కిటికీ దగ్గరికి కొత్తగా వచ్చిన అమ్మాయి చురుకైనది, లైను చకచకా కదులుతోంది. అది ఆమెకూ కనబడుతూనే ఉంది.

"ఆయన భార్య చెబుతానంది కదా అక్కా, నీకెందుకొచ్చిన గొడవ?" అంది చెల్లెలు, ఆ ఆదివారం చూడవచ్చి.

నిదానమ్మ మోకాళ్లకు మందు రాసుకుంటోంది. ఫైళ్ల గదికి ముప్పై రెండు మెట్లు.

"అ... అడగకే. అలిసిపోయాను."

పొయ్యి మీద కూర మాడుతోందని చెల్లెలు లేచి వంటింట్లోకి వెళ్లింది.