సొరంగంలో ఇంటర్వ్యూ

సింగపూరులో క్లెమెంటి దగ్గర పాత రైలు సొరంగాన్ని బాగుచేసి, నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ తెరిచారంటే మొన్న ఆదివారం వెళ్ళాను. లోపల తడి సిమెంటు వాసన తగలగానే నాన్న గుర్తొచ్చాడు.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఐటీ ఉద్యోగాలకని అందరూ సింగపూరు వస్తున్న రోజుల్లోనే నాన్న ఉద్యోగం పోయింది. ఇంకోటి దొరక్కపోతే పది రోజుల్లో దేశం వదలాలి. మా ఫ్లాట్‌లో ఇంకో కుటుంబం కూడా ఉండేది. వాళ్ళు వింటారని, ఇంట్లో గట్టిగా ఇంగ్లీషు ప్రాక్టీసు చేయడానికి నాన్నకు సిగ్గు. అందుకే నన్ను వెంటబెట్టుకుని, అప్పటికే రైళ్ళు ఆగిపోయి బురదగా పడున్న ఈ సొరంగానికి వచ్చేవాడు. నా చేతికి ప్రశ్నల కాగితం ఇచ్చి, "నువ్వే మేనేజర్‌వి. అడుగు నాన్నా," అనేవాడు.

అడిగేవాణ్ణి. నా గొంతు గోడలకు తగిలి పెద్దవాళ్ళ గొంతులా తిరిగొచ్చేది. నాకదో ఆట. ఆటన్నాక చివర ఏదో ఒకటి తేలాలి కదా. ఇంటర్వ్యూ చేసిన కంపెనీ నుంచి ఫోన్ వచ్చిన ప్రతిసారీ, పెట్టేశాక నాన్న అమ్మతో చెప్పే మాట నాకు బాగా వచ్చు. ఆ రోజు కాగితం మడిచి, "సారీ, యూ ఆర్ నాట్ సెలెక్టెడ్," అన్నాను. సొరంగం కూడా అదే మాట అంది.

నవ్వుతాడనుకున్నాను. నాన్న ఇస్త్రీ ప్యాంటుతోనే ఆ బురదలో కూర్చుండిపోయాడు. "ఎక్కడ తప్పు చెప్పాను నాన్నా?" అని నన్నే అడిగాడు.

ఇప్పుడు మా ఆఫీసులో ఇంటర్వ్యూలు చేసేది నేనే. ఆ ఒక్క మాట మాత్రం వేరేవాళ్ళతో చెప్పిస్తాను.