మేకల షెడ్డులో ఒక మధ్యాహ్నం

ఖతార్‌లోని రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో పైపులకు రంగులేసే పని నాది. క్యాంప్ నుంచి బస్సు, బస్సు దిగితే సైటు. ఆరేళ్లుగా ఖతార్‌ను కిటికీ అద్దంలోంచే చూశాను. ఆ ఏడు వేసవిలో ఈద్ సెలవులు రాగానే, నా గదిలో ఉండే, నేను భాయ్ అని పిలిచే హైదరాబాదీ డ్రైవరు ఒక మాటన్నాడు.

"ఉత్తరాన సముద్రం దాంక నడిచి పోదామా? రెండు రోజుల్ల చేరతం."

నాకు ఒళ్లంతా పులకరించింది. నీళ్లు, ఖర్జూరాలు, రొట్టెలు, మామిడికాయ తొక్కు సంచుల్లో సర్దుకుని తెల్లవారుజామునే బయల్దేరాం. డ్యూటీ లేకుండా నడవడమే పండగలా ఉంది. ఎనిమిది దాటేసరికి గాలి పొయ్యిసెగలా ముఖానికి కొట్టసాగింది.

"ఇంక నడిస్తే సస్తం, నీడ సూడాలె," అన్నాడు భాయ్.

దూరంగా ఒక రేకుల షెడ్డు కనిపించింది. అక్కడ మేకలు కాసే సూడాన్ పెద్దాయన మమ్మల్ని చూసి తల పట్టుకున్నాడు. సగం అరబ్బీలో, సగం హిందీలో తిట్టి, చాప పరిచి, చల్లటి మజ్జిగ ఇచ్చాడు. ఎండ తగ్గేదాకా కదలనివ్వనన్నాడు.

కునుకు పట్టిందో లేదో, ఒక మేక అరుపు వినిపించింది. ఈనలేక పెనుగులాడుతోంది. పెద్దాయనకు చేతులు ఆడటం లేదు. దగ్గరికెళ్లి చూస్తే పిల్ల కాలు ఒక్కటే బయటికొచ్చింది.

"భాయ్, ఇంకో కాలు లోపల మడతవడ్డది. నేను సరిజేస్తనని చెప్పు."

"నీకొస్తదా?"

"మా ఇంట్ల నలభై మేకలుండె."

చేతులు సబ్బుతో కడిగి, నూనె రాసుకుని మెల్లగా వేళ్లు లోపలికి పోనిచ్చాను. చిన్నప్పుడు నాన్న పక్కన కూర్చుని నేర్చుకున్నది వేళ్లు మరిచిపోలేదు. మడత విప్పి, మేక ముక్కినప్పుడల్లా కొద్దికొద్దిగా లాగాను. పిల్ల జారి నా ఒళ్లో పడింది. కదల్లేదు. ముక్కు తుడిచి, గోనెగుడ్డతో గట్టిగా రుద్దాను. రుద్దుతూనే ఉన్నాను. ఒక్కసారిగా తుమ్మింది!

"అల్‌హందులిల్లాహ్!" అని పెద్దాయన అరిచాడు. భాయ్ ఈల వేశాడు. మేం గంతులేస్తుండగానే రెండోది దానంతటదే పుట్టేసింది.

ఇంటికి వీడియో కాల్ చేసి చూపించాను. గల్ఫ్ అంతా దుబాయే అనుకునే మా ఆవిడ నోరు తెరిచింది.

"దుబాయిల మేకలు గూడ ఉంటయా?"

ఎండ తగ్గాక పెద్దాయన మా సీసాలన్నీ నింపి, నా భుజం గట్టిగా అదిమి, "యల్లా!" అని సాగనంపాడు. కాళ్లలో అలసట లేదు. చీకటి పడేదాకా నడిచాం, తారురోడ్డు పక్కన పడుకున్నాం, మళ్లీ తెల్లవారకముందే లేచి నడిచాం.

సూర్యుడు కాస్త పైకొచ్చేసరికి నీలంగా ఒక గీత కనిపించింది. ఇద్దరం సంచులు పారేసి పరుగెత్తాం. బట్టలతోనే దూకాం. నీళ్లు స్నానానికి కాచినట్టు వెచ్చగా ఉన్నాయి.

"మనకోసమే కాగవెట్టిండ్రు!" అని భాయ్ నా మీద దోసిళ్లతో చల్లుతూ నవ్వాడు.