కందుల మిల్లులో బోర్డు

సుహాసినికి కోపమొస్తే ముందు ఆమె చున్నీ కొసకు తెలుస్తుంది. కొస నోట్లోకి పోయిందంటే బోర్డు మళ్లీ మొండికేసిందని నారాయణఖేడ్‌లోని ఆ పప్పు మిల్లు మొత్తానికీ అర్థమవుతుంది. కందుల్లో రాళ్లు ఏరే కొత్త మిషన్‌కు అరచేయంత ఆ బోర్డే మెదడు. దాని చిప్ వేరు, ల్యాప్‌టాప్ చిప్ వేరు. అందుకని ప్రోగ్రాంను ల్యాప్‌టాప్‌లో కంపైల్ చేసి, అంటే బోర్డు చిప్‌కు అర్థమయ్యే రూపంలోకి మార్చి పంపడం ఇంజనీరుగా ఆమె పని. ఇవాళ పొద్దటి నుంచి ఎన్నిసార్లు పంపినా బోర్డుది ఒకటే జవాబు: ఫైల్ లేదు. "ఎట్ల లేదే? మరి గిదేంది? కండ్లు పోయినయా నీకు?" అని స్క్రీన్ మీద ఫైల్ పేరును గోటితో పొడుస్తుంది. బస్తా మీది ల్యాప్‌టాప్‌పై పడ్డ పొట్టును ఊదేసి, మళ్లీ కంపైల్ పెట్టి, అది అయ్యేదాకా కాలు ఊపుతూ కూర్చుంటుంది. పక్కనే చాటలో కందులు పోసుకుని కూలికి రాళ్లు ఏరే రుక్కమ్మ, "జర చాయ్ తాగు బిడ్డా. ఇనక యాడికి పోతది?" అంటుంది.

మధ్యాహ్నానికి సంగతి దొరికింది. లేనిది ఆ ఫైల్ కాదు, అది నడవడానికి బోర్డులో ఉండాల్సిన లైబ్రరీ అనే తోడు ఫైల్. "గా ముక్క ముందే చెప్పి చావొద్దా!" అని బోర్డును తిట్టి, లైబ్రరీని ప్రోగ్రాంలోనే కలిపి పంపింది. మిషన్ గుర్రుమంది. రాళ్లు టపటపా పక్కకు పడ్డాయి. "నడిచింది పెద్దమ్మా! ఇగ ఒక్క రాయి మిగలదు!" అని సుహాసిని గంతేసింది. రుక్కమ్మ నవ్వింది. చాట దులిపి గోడకు ఆనించింది. "గట్లయితే రేపటి సంది నేను రావాల్నా, వద్దా బిడ్డా?" పొద్దటి నుంచి తిట్లకు కరువు లేని నోరు సుహాసినిది. చున్నీ కొస మళ్లీ అందులోకి పోయింది.